చీమలు ఎక్కడిదాకా వచ్చాయి

మల్పీకా రేవు నుంచి ఉదయం బస్సులో
నెలకోసారి వస్తుంది దోసిందా రియాల్.
గొడుగు తలుపు బయట, తడికోటు కుర్చీ మీద,
ఎడమ చెయ్యి నా బల్ల మీద
తూకానికి పెట్టిన చేపలా.

వలలు బాగుచేసే చెయ్యి.
అక్టోబరులో ఉక్కు తాడొకటి తెగి
మోచేతి కింద కొరికి పోయింది.
నరాన్ని వెంట్రుకకన్నా సన్నని దారంతో
కలిపాడు సర్జన్.
మిగతాది నేను చూడాలి,
అంటే ఏమీ చెయ్యకుండా కొలవాలి.

చిటికెనవేలి కొస దగ్గర మొదలెట్టి
మెల్లగా తడుతూ పైకి వస్తాను.
కొస, కణుపు, అరచేతి అంచు, మణికట్టు.
మొద్దు. మొద్దు. ఏమీ లేదు. ఏమీ లేదు.
ఇంకో నాలుగంగుళాలు పైకి వెళ్ళాక
"ఆ, ఇక్కడ! చీమలు!"
మా గాలీసియా భాషలో తిమ్మిరికి చీమలనే పేరు.
బాల్‌పెన్నుతో గీత గీసి తేదీ వేస్తాను.
స్నానానికి చెరిగిపోతుందని
పలచటి కాగితం మీదికీ ఎక్కిస్తాను.
గీతకూ గీతకూ మధ్య రెండు వేళ్ళ వెడల్పు.
"నెలంతా నడిచి ఇంతేనా?
నత్తలు నయం."

మొదటి రోజుల్లో ఆమెకో మాట చెప్పలేదు:
కోతకు అవతలున్న పోగులన్నీ
వారంలోనే చచ్చి తునకలయ్యాయని,
ఇన్నాళ్ళూ వాటిని చుట్టుకుని ఉన్న కణాలే
ఆ తునకల్ని తిని, ఊడ్చి,
ఖాళీ గొట్టాల్లో వరసకట్టి కూర్చున్నాయని,
ఎప్పుడొస్తారో తెలియని వాళ్ళ కోసం.
వాటి ఓపికకీ ఒక హద్దుంది.
మరీ ఆలస్యమైతే అవీ లేచి వెళ్ళిపోతాయి.

చెప్పిన రోజు కాసేపు ఆలోచించి
"మీ డాక్టరు బిగించి కుట్టాడా, వదులుగానా?" అంది.
వదులుగానే.
"అయితే సరే. లాగి కట్టిన ముడి దగ్గరే
వల మళ్ళీ తెగుతుంది."
ఈ ఒక్క వాక్యానికి నేను
ఆరేళ్ళు, రెండువందల ఎలుకలు ఖర్చుపెట్టాను.

ఆ ఎలుకలు కింది అంతస్తులో
పాదాలకు సిరా పూయించుకుని కాగితం మీద నడుస్తాయి.
వేళ్ళు ఎంత విచ్చుకున్నాయో స్కేలుతో చూస్తాను.
ఎలా ఉందో ఎలుక చెప్పదు.
దోసిందా చెబుతుంది:
జివ్వుమంటోంది. చుర్రుమంటోంది.
గాలి మారితే ఎముకలోంచి సలుపుతోంది.
నిన్న రాత్రి దుప్పటి అంచు తగిలితే
ఎవరో అగ్గిపుల్ల గీసినట్టుంది.
గబగబా రాసుకుంటుంటే నా మొహం చూసి
"సబేలా, నా నొప్పికి నవ్వే మనిషివి
నువ్వొక్కదానివే."

ఒకసారి లిఫ్టులో బ్రెయ్‌షో, చక్రాల కుర్చీలో.
పరంజా మీంచి పడ్డాడు, ఇరవై రెండేళ్ళు.
వాడు దిగాక అడిగింది:
"చేతికిచ్చిన సెలవు వెన్నుకెందుకివ్వలేదు?"
అక్కడా అలాంటి పోగే. తెగిన కొస కాస్త కదులుతుంది,
మచ్చకు తల కొట్టుకుని ఆగిపోతుంది.
మచ్చ ఏం చెబుతుందో, అది ఏం వింటుందో...
నాలుగో అంతస్తు. తలుపు తెరుచుకుంది.
పందొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం ఆ ప్రశ్నేనని
చెప్పలేదు.

పదమూడో నెల.
కళ్ళు మూసుకోమని
ఉంగరపువేలి బయటి అంచును నైలాన్ పోగుతో తాకాను.
"చిటికెనవేలు," ధీమాగా.
మళ్ళీ తాకాను. చిటికెనవేలే.
దారి తప్పిన పోగులు
పక్కింట్లో కాపురం పెట్టాయి.
నా పట్టికలో దీనికి 'తప్పు' అనే గడి ఉంది.
ఆమె కళ్ళు తెరిచి వేలిని చూసుకుంది. మళ్ళీ మూసింది.
"కొత్త వలలోనూ మొదటివారం
ఏ కన్ను ఎక్కడుందో చేతికి తెలీదు.
అది పలికే పేరుతోనే పిలుస్తా, ఏం పోయింది."

బస్సుకు వేళైంది.
ఎడమచేత్తో కోటు గుండీ పెట్టుకోబోయింది.
జారింది. మళ్ళీ పట్టుకుంది.
నేను సాయం చెయ్యలేదు.
అలవాటు కొద్దీ గడియారం చూస్తూ
సెకన్లు లెక్కపెట్టాను.
నలభై ఒకటి.